మృదులాస్థి ఎముకగా మారే వైనం

గర్భస్థ శిశువుకు కాళ్ళూ చేతులూ రూపుకట్టేటప్పుడు అక్కడ మొదట ఏర్పడేది ఎముక కాదు, మృదులాస్థి. మన చెవిదొప్పలో చేతికి తగిలే మెత్తని పదార్థమే అది. ఎముక పిమ్మట దాని స్థానంలో వస్తుంది.

ఈ మార్పును నడిపేవి జన్యువులు. దాదాపు అన్ని కణాలలోనూ ఉండే జన్యువులు ఒకటే. ఆకాశంలో ఎన్ని ప్రసారాలున్నా, ముల్లు నిలిపిన కేంద్రమే మన రేడియోలో పలుకుతుంది కదా! అట్లే ఒక్కొక్క దశలో తగిన జన్యువులే పలుకుతాయి. సాక్స్-9 పలికినప్పుడు మృదులాస్థి కణాలు తయారవుతాయి. అవి ఉబ్బి, చుట్టూ సున్నపు లవణాలు చేరగా, ఎముకకు చోటిస్తాయి. ఎముకను కట్టే కణాలకు రంక్స్-2 అవసరం. ఆ జన్యువు లేని ఎలుకపిల్లలలో ఎముకే ఏర్పడలేదని 1997లో వెల్లడైంది.

జన్యువులు సక్రమంగా పలికినా, త్రాగేనీరు ఎముకను చెరచగలదు. 1937లో షార్ట్ ప్రభృతి వైద్యులు నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ వ్యాధిని వర్ణించారు. తీరానికి పడమట, ఫ్లోరైడ్ పీడిత కనిగిరి మెట్ట 1970 దాకా ఆ జిల్లాలోనిదే. అధిక ఫ్లోరైడు వల్ల కీళ్ళ బంధనాలు సైతం గట్టిపడి, వెన్ను బిగుసుకుపోతుంది. ఎదిగే ఎముక దానిని మరింతగా పట్టుకొంటుంది. నీరు కాచినా ఫ్లోరైడు పోదు. కనుక బావినీటిని పరీక్ష చేయించి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే పిల్లలకు వేరే నీరు ఇవ్వాలి.