రెగ్గెటోన్: ఒక దరువు కథ



నేటి ప్రసంగ విషయము మీలో పెక్కుమందికి క్రొత్తది. దాని పేరు రెగ్గెటోన్. పేరు వినకపోయినను ఆ దరువు మీ చెవిని బడియుండవచ్చును. 2017లో వెలువడిన 'దెస్పసీతో' అను స్పానిషు పాట అమెరికా దేశపు పాటల పట్టికలో వరుసగా 16 వారములు మొదటి స్థానమున నిలిచెను. ఆ పాటయు, ఆ నడక గల మఱికొన్ని పాటలును సెల్‌ఫోనుల ద్వారా మన పల్లెలకును వచ్చినవి. మనుమలు వాటిని వినుచుండగా 'ఇదేమి గోల?' అని మీరు విసుగుకొని యుందురు. ఆ గోల ఎక్కడ పుట్టెను, ఎవరు పుట్టించిరి, అందు వినదగినదేమి, విడువదగినదేమి అను సంగతులను ఈ కొలది నిమిషములలో మనవి చేసెదను.

ముందు తాళమును చూతము. ఒకటి మొదలు ఎనిమిది వరకు సమముగా లెక్కించుడు. ఒకటికిని అయిదుకును పెద్ద డోలు మ్రోగును. నాలుగుకును ఏడుకును సన్నని గట్టి దెబ్బ పడును. ఇప్పుడు ఒకటి, నాలుగు, ఏడు లెక్కలకు మాత్రము చేతులు చరచి చూడుడు. మూడు, మూడు, రెండు అను విభాగము తెలియవచ్చును. మన ఆదితాళమువలె లెక్క ఎనిమిదియే. కాని సరిభాగములు గాక ఇట్లు చీలుటచేత నడకలో ఒక తూగు పుట్టును. పాట మొదలు నుండి తుదివరకు ఈ వరుస సాధారణముగా మారదు. దానిపై గాయకుడు సగము పాటగను సగము మాటగను సాగిపోవును. ఒగ్గు కథకుడు డోలు దరువుపై కథ నడుపు తీరు ఎరిగినవారికి ఇది అంత వింతగా తోచదు.

ఈ తూగునకు మూలము ఆఫ్రికా. బానిసలుగా కొనిపోబడినవారితో అది అట్లాంటిక్ సముద్రమును దాటి వెస్టిండీసు ద్వీపములు చేరెను. 1914లో పూర్తియైన పనామా కాలువను త్రవ్వుటకై జమైకా, బార్బడోసు ద్వీపముల నుండి వేలకొలది కూలీలు వెళ్లిరి. వారి సంతతివారు పనామాలో 1980 ప్రాంతముల జమైకా దేశపు రెగ్గే పాటలను స్పానిషు భాషలో పాడసాగిరి. 1990లో జమైకా గాయకుడు షబ్బా రాంక్స్ పాడిన 'డెమ్ బో' అను పాట పేరే ఈ దరువునకు పేరైనది. తరువాత ప్యూర్టో రికో ద్వీపమున, సాన్ హువాన్ నగరపు పేదల వాడలలో, యువకులు ఆ దరువుపై తమ మాటలు కూర్చి క్యాసెట్లలో నింపి చేతినుండి చేతికి పంచుకొనిరి. రెగ్గెటోన్ రూపు దిద్దుకొనినది అచటనే.

సముద్రము దాటి వచ్చిన ఆఫ్రికా జనము పాలమూరు సీమకును క్రొత్తవారు కారు. వనపర్తి సంస్థానాధీశులు 19వ శతాబ్దమున హబ్షీ సైనికులను పోషించిరి. ఆ దళము పిదప నిజాము కొలువులో చేరెను. హైదరాబాదులోని ఏ.సి. గార్డ్సు పేటకు ఆ పేరు ఆఫ్రికా అశ్వికదళమువలననే వచ్చినది. ఆ హబ్షీలును, యెమెను దేశపు హద్రమౌతు సీమనుండి వచ్చిన అరబ్బు సిపాయిలును నిలిపిన మేళమే మర్ఫా. పెండ్లి ఊరేగింపులలో మర్ఫావారు మ్రోయించు తీన్‌మార్ దరువు పేరు నేడు మన యూళ్ల డప్పునకును అబ్బినది. రెగ్గెటోనును తీన్‌మారును ఒక్కటియని నా భావము కాదు. పరాయి నేలకు వచ్చిన పేదవాడు తన దరువును విడువడనియు, కొంత కాలమునకు ఆ నేల దానిని తనదిగా చేసికొనుననియు రెండింటి చరిత్రయు చెప్పుచున్నది.

ఆ గౌరవము సులభముగా రాలేదు. 1990 తరువాత ప్యూర్టో రికో గవర్నరుగా నుండిన పెద్రో రొస్సెల్యో పేదల వాడలపైకి సాయుధ బలములను పంపెను. 1995లో పోలీసులు సాన్ హువాన్ దుకాణములపై పడి ఈ పాటల క్యాసెట్లను జప్తు చేసిరి. 2002లో వెల్దా గొన్సాలెస్ అను సెనేటరు ఈ పాటల దృశ్యములలోని అశ్లీలతకు వ్యతిరేకముగా ఉద్యమించెను. ఐనను 2004లో డాడీ యాంకీ పాడిన 'గాసోలీనా' దేశదేశముల మారుమ్రోగెను. 2019లో ఆ పెద్రో కుమారుడు రికార్దో గవర్నరుగా నుండగా ప్రజలు అతనిపై తిరుగబడిరి. వీథులలో ఈ దరువుకే ఆడిపాడిరి. బ్యాడ్ బన్నీ మొదలగు గాయకులు వారితో నడిచిరి. అతడు పదవి విడిచెను. తండ్రి కాలమున జప్తైన దరువు కుమారుని కాలమున ప్రజల గొంతైనది.

ఇట్టి కథ మన డప్పుదియును గదా! చింత కొయ్య చట్రమునకు మేకతోలు బిగించి, మంటకు కాచి, సిర్రతోను సిటికెన పుల్లతోను వాయించు ఆ వాద్యమును చావునకును చాటింపునకును మాత్రమే పనికివచ్చునదని ఊరు ఎంచెను. వాయించువానిని వెట్టికి పిలిచి వాకిట నిలిపెను. 2014లో రాష్ట్రము ఏర్పడువరకు సాగిన తెలంగాణ ఉద్యమ సభలలో ఆ డప్పే ముందు నడిచెను. దరువు మారలేదు; విన్నవారి చెవి మారినది.

ఐన రెగ్గెటోనులో దోషము లేదా? కలదు. చాల పాటలలో స్త్రీని భోగవస్తువుగా చూపుదురు. తుపాకులను, మత్తును పొగడుదురు. పెర్రెయో అను దాని నృత్యము పెద్దల యెదుట ఆడదగినది కాదు. కాని దానికి బదులు చెప్పినవారును ఆ గాయకులలోనే యున్నారు. ఐవీ క్వీన్ అను గాయని 2003లో పాడిన 'కియేరో బైలార్' అను పాట భావమేమనగా, ఆడది ఆట కొప్పుకొన్నంత మాత్రమున మగవాని కోరికకు ఒప్పుకొన్నట్లు కాదని. ఈ మాట మన యూరేగింపులలోని పడుచువాండ్రకును వినిపింపదగినదే.

కావున పెద్దలకు నా విన్నపము: దరువు, మాట, మోత అను మూడింటిని వేరుచేసి చూడుడు. దరువునకు కులము లేదు, పాపము లేదు. మాట చెడ్డదైనచో పిల్లలను కూర్చుండబెట్టి దాని యర్థ మడుగుడు. తెలియక పాడువారే పెక్కండ్రు. మోతను మాత్రము అదుపున నుంచుడు. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు బహిరంగ స్థలముల లౌడుస్పీకర్లు కూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమములు చెప్పుచున్నవి. బాలింతకును రోగికిని నిదుర ముఖ్యము. ఆ హద్దు డప్పునకైనను డీజే పెట్టెలకైనను ఒక్కటే.

వినదలచినవారు తెగో కాల్దెరోన్ పాటలతో మొదలుపెట్టుట మంచిది. ఆయన ప్యూర్టో రికో ఆఫ్రికావారి 'బొంబా' అను ప్రాత డోలు మేళమును ఈ దరువుతో కలిపెను. బొంబాలో ఆడువాని అడుగును చూచి డోలువాడు దెబ్బ వేయును. ఈసారి మనుమడు పాట పెట్టినప్పుడు కట్టుమనకుడు. ప్రక్కన కూర్చుండి మూడు, మూడు, రెండు అని లెక్కించుడు. లెక్క కుదిరిన పిదప మీరు చెప్పు మంచిచెడులను వాడును చెవి యొగ్గి వినును.