సెల్ఫ్ మెల్లగా తిరుగుతోందా? ముందు మీటర్ పెట్టండి, తర్వాతే స్పానర్

ఈసారి ఆకు గురించి, పురుగు గురించి కాదు, గూళ్ళు మోసే బండి గురించి రాస్తున్నా. మనలో చానా మందికి మినీ లారీనో పికప్పో ఉంది. లేనివాళ్ళు ఊర్లో ఒకరి బండిలో నలుగురి లాట్లు వేసుకొని పోతారు. ఆ బండి రాత్రి రెండు గంటలకు స్టార్ట్ కాకపోతే ఎట్లుంటుందో మీకు చెప్పాల్సిన పని లేదు.

మాది శ్రీనివాసపురం పక్క పల్లె. శిడ్లఘట్ట మార్కెట్టుకు పోతాం. పోయిన చలికాలంలో మా లాటు, మా చిన్నాయన లాటు రెండూ బండికెత్తి కీ తిప్పితే, సెల్ఫ్ ముసలాయన మెట్లెక్కినట్టు ఆగి ఆగి తిరిగింది. ఇంజన్ పట్టుకోలేదు. డీజిల్ ఇంజన్‌లో ప్లగ్గు నిప్పు ఉండదు కదా, పిస్టన్ గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ మండాల. మెల్లగా తిరిగితే ఆ వేడి చాలదు. చలికి ఇంజన్ ఆయిల్ చిక్కబడి ఇంకా కష్టం.

పదిమందిని లేపి తోయించేలోపల గంటన్నర పోయింది. అంతసేపూ గూళ్ళు మూటల్లోనే. లోపల ప్యూపా బతికే ఉంటుంది, ఊపిరి తీస్తుంది, వేడి, తేమ వదులుతుంది. మూటలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. అడుగు మూటల్లో కొన్ని గూళ్ళకు మరకలు పడినాయి. రేటు సంగతి ఇక్కడ రాయను. చిన్నాయన ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటేనే బాగుండేది.

మరునాడే కొత్త బ్యాటరీ వేయించినా, ఏడు వేల చిల్లర. నాలుగు రోజులు కొంచెం చురుగ్గా తిరిగింది, తర్వాత మళ్ళీ అదే పాట. ఒక అంగడిలో అడిగితే "సెల్ఫ్ పోయింది, కొత్తది వేసెయ్" అన్నారు, బానెట్ కూడా ఎత్తి చూడకుండా. డబ్బు తెచ్చేదానికి ఇంటికి వస్తావుంటే ఒకరు చింతామణిలో ఒక పెద్దాయన దగ్గరకు పొమ్మన్నారు. పాతకాలం ఆటో ఎలక్ట్రీషియన్.

ఆయన స్పానర్ ముట్టలేదు. "ఉండప్పా, ముందు మీటర్ పెట్టనీ" అన్నాడు. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజన్ స్టార్ట్ కాకుండా డీజిల్ ఆపినాడు. బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు, అంటే నిండా చార్జి ఉంది. నన్ను సెల్ఫ్ కొట్టమని, కొడతా ఉండగానే బ్యాటరీ మీద చూస్తే 10.4. ఇది 9.6 కంటే కిందికి దిగితే బ్యాటరీని అనుమానించాల. పాత బ్యాటరీకి ఈ పరీక్ష చేయకుండానే మార్చినా, అది నా తప్పు.

తర్వాత మీటర్ ఒక మొన బ్యాటరీ ప్లస్ మీద, ఇంకొకటి సెల్ఫ్ పెద్ద నట్టు మీద పెట్టి మళ్ళీ కొట్టించినాడు. 0.3. అర వోల్టు లోపల ఉంటే పర్వాలేదు. కడాగా ఒక మొన బ్యాటరీ మైనస్ మీద, ఇంకొకటి ఇంజన్ ఇనుము మీద. 1.4! అక్కడ 0.3 దాటకూడదు. సెల్ఫ్ లాగే కరెంటు 200 ఆంపియర్లు దాటుతుంది. అంత కరెంటు పోయే దారిలో ఒక ఓమ్‌లో 200వ వంతు అడ్డం ఉన్నా ఒక వోల్టు అక్కడే పోతుంది. హెడ్‌లైట్ మాత్రం బాగానే వెలుగుతుంది, అందుకే మనం మోసపోతాం.

బండి కిందికి దూరి చూస్తే ఇంజన్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఉండే ఎర్త్ పట్టీ పచ్చగా తుప్పుపట్టి, సగం పోగులు తెగిపోయి ఉంది. "ఏమి నీళ్ళతో కడుగుతావప్పా దీన్ని?" అన్నాడు. నాకు అప్పుడు తగిలింది. మార్కెట్టు నుంచి వచ్చిన ప్రతిసారీ తొట్టిని బ్లీచింగ్ నీళ్ళతో కడుగుతా, రోగం షెడ్డుకు రాకూడదని. ఆ నీళ్ళన్నీ కిందికి కారి పట్టీ మీదే పడేవి. కడగడం మానేయమని చెప్పను, మానకూడదు కూడా. కడిగినాక కింది పక్క మంచినీళ్ళు బాగా కొట్టండి. కొత్త పట్టీ వేసి, ఇనుము గీకి, బిగించినాక పైన గ్రీజు పూసినాడు. రీడింగ్ 0.2కు దిగింది.

పొద్దున్నే బాగా తిరిగింది. కానీ ఊరు తిరిగి వచ్చి వేడి ఇంజన్‌ను ఆపి కొడితే మళ్ళీ బరువు. అప్పుడు ఇప్పినాం సెల్ఫ్‌ను, ముందు బ్యాటరీ మైనస్ తీసి. (ఇది మరిస్తే స్పానర్ ఇనుముకు తగిలి నిప్పులు లేస్తాయి, చేతికి ఉంగరం ఉంటే అంతే.) లోపల బుష్షులు అరిగి షాఫ్టు వాలిపోయి, ఆర్మేచర్ పక్కలకు రాసుకొని మెరుస్తా ఉంది. కార్బన్లు సగానికి తక్కువ. ఆర్మేచర్ చుట్టలు మాత్రం బాగున్నాయి. కమ్యుటేటర్ మసిని సన్న సాండ్ పేపరుతో తీసినాడు. ఎమెరీ గుడ్డ వాడకూడదంట, దాని పొడి రాగి పలకల సందుల్లో ఇరుక్కుంటే కరెంటు దాటుకుంటుంది. కొత్త ఇత్తడి బుష్షులను నూనెలో నానబెట్టి వేసినాడు, ఎండువి వేస్తే తొందరగా అరుగుతాయని. కార్బన్లు, బుష్షులు, కూలీ అంతా కలిపి కొత్త సెల్ఫ్ ధరలో నాలుగో వంతు కూడా కాలేదు.

అన్ని సెల్ఫ్‌లూ రిపేరుకు పనికిరావు. చుట్టలు కాలి నల్లబడినా, కమ్యుటేటర్ దగ్గర టంకం కరిగి చిందినా, షాఫ్టు గాడి పడినా కొత్తది వేసేదే మేలు. కొనేటప్పుడు పాతది చేతిలో పెట్టుకొని పోండి. పళ్ళ లెక్క, బోల్టు రంధ్రాలు, తిరిగే దిక్కు మూడూ కలవాల. బిగించే ముందు ఆ రంధ్రంలో టార్చ్ వేసి ఫ్లైవీల్ పళ్ళు కూడా చూడండి, అవి నాశనమై ఉంటే కొత్త సెల్ఫ్‌నూ కొరికేస్తాయి. ఒక్కసారికి పది సెకన్ల కంటే ఎక్కువ కీ పట్టుకోవద్దు, మధ్యలో నిమిషమైనా ఆగండి.

నేను ఇప్పుడు పురుగులు చంద్రికకెక్కినాక మీటర్ తీస్తా. గూళ్ళు ఏరేదాకా చేతులు కొంచెం ఖాళీగా ఉండేది ఆ నాలుగైదు రోజులే. మూడు రీడింగులు షెడ్డు గోడ మీద పెన్సిల్‌తో రాస్తా, జ్వరాల తేదీలు రాసే చోటనే. పోయిన లాటుకు 0.2, 0.3, 10.5. ఆ రాత్రి చిన్నాయన మూటలు కూడా మా బండిలోనే వచ్చినాయి.