మన యమరకోశమును గ్రీకు శాస్త్రనామములును

బాలికల పాఠ్యపుస్తకములలో జీవరసాయన శాస్త్రపు పేళ్లు కనబడగానే, "ఇవి మనకు తెలియునవి కావు" అని తల్లులు తొలగిపోవుట మా సూళ్లూరుపేటలోనే కాదు, సర్వత్ర కలదు. ఇంగ్లీషు రానంత మాత్రమున ఆ పేళ్లు మనకు దూరములు కావు. వానిలో పెక్కులు గ్రీకు భాషనుండి పుట్టినవి. గ్రీకును సంస్కృతమును ఒక్క మూలభాషకు జన్మించిన తోబుట్టువులు. కావున అమరము వల్లించిన ఇల్లాలికి ఆ పేళ్లలో గొన్ని పుట్టింటి చుట్టములే.

ఫాస్ఫరస్ అను పేరు చూడుడు. చీకటిలో మెరయు పదార్థమగుటచే దానికా పేరు వచ్చినది. గ్రీకున 'ఫోస్' అనగా వెలుగు. 'ఫోరోస్' అనగా మోయునది. మనకు వెలుగు 'భా'. భాను, భాస్కర శబ్దములందున్నది అదియే. మోయుటకు 'భృ' ధాతువు; భారము, భరణము దాని సంతతి. గ్రీకున ఫకారమున్న తావున మనకు దరచుగా భకారముండును.

మాంసమునుండి దీయబడిన క్రియాటిన్ అను పదార్థమునకు 1832లో ఫ్రెంచి పండితుడు షెవ్రల్ పేరిడెను. గ్రీకున 'క్రెయాస్' అనగా మాంసము. అమరమున రాక్షసునకు 'క్రవ్యాదుడు' అని పర్యాయము గలదు గదా! ఆ క్రవ్యమును ఈ క్రెయాసును ఒక్క యింటివి.

ఈ రెండు పేళ్లును గలిసిన ఫాస్ఫోక్రియాటిన్ మన కండరములు పనిచేయుటకు శక్తిని నిలువయుంచు పదార్థము. 1927లో దానిని గనుగొన్నవారిలో, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు.

ప్రోటీను 1838 నాటి పేరు. 'ప్రోతోస్' అనగా ప్రథమము. శరీరపోషణమున అగ్రస్థానము దానిదని భావము. మనవారు మాంసకృత్తులనిరి. గ్రీకు పేరు పదవిని దెలుపగా మన పేరు పనిని దెలుపుచున్నది.

ఎంజైము అను మాట 1877లో జర్మను పండితుడు క్యూనె కల్పించినది. 'పులిసిన పిండిలోనున్నది' అని దాని యర్థము. పాలకు తోడు వేయు స్త్రీకి, ఇడ్లీపిండిని రాత్రి పులియనిచ్చు స్త్రీకి దీనిని వేరుగ బోధింపనేల?

ఇక మనము తప్పక యెరుగవలసినది అనీమియా. 'హైమా' అనగా రక్తము. ముందున్న 'అన్' మన అనంత, అనాది శబ్దములలోని నిషేధమే. రక్తలేమియని యర్థము. 1928 మొదలు బొంబాయిలో లూసీ విల్సు అను వైద్యురాలు గర్భిణులకు గలుగు నొకరకపు రక్తలేమిని పరిశోధించి, ఈస్టు సారముచే అది నయమగునని 1931లో వెల్లడించెను. అందలి గుణము ఫోలిక్ ఆమ్లమునదని పిదప దేలినది. ఈ పేరు మాత్రము లాటిను. 'ఫోలియమ్' అనగా ఆకు. 1941లో పాలకూరనుండి దీయుటచే అట్లు పిలిచిరి. దానిని 1945లో ప్రయోగశాలలో నిర్మించినది సుబ్బారావుగారు నడపిన పరిశోధకబృందమే.

నేడు గర్భిణులకు ఇనుముతోగూడ ఇచ్చు మాత్రలలో నున్నది ఆ యామ్లమే. గర్భధారణకు ముందునుండియే దీసికొన్నచో శిశువునకు వెన్నెముక లోపములు గలుగుట తగ్గును. పేరు తెలియని మందని ఆ మాత్రలను మూలబెట్టువారు నేటికిని గలరు. వైద్యులిచ్చిన చీటిలోని పేరును మన కోడండ్రకు, కూతుండ్రకు విప్పి చెప్పుదము. అర్థము దెలిసిన మాటకు భయముండదు. భయము విడిచిన స్త్రీ మందును విడువదు.