మీకు తెలుసా? మందుపెట్టెపై బ్రెయిలీ
ఐరోపా సమాఖ్య 2004లో తన ఔషధశాసనమును సవరించి, రోగులు స్వయముగా వాడుకొను మందుల పెట్టెలపై ఔషధనామము బ్రెయిలీ లిపిలోనూ ఉండవలెనని విధించినది. సుమారు మిల్లీమీటరులో అయిదవవంతు మాత్రమే ఎత్తుగల ఆ చుక్కలు, అట్టను వెనుకనుండి ఒత్తగా ఉబికినవగుటచే, రంగుల అచ్చుపైననే నిలిచి, వేరుగా చోటు కోరవు. బ్రెయిలీలో అంకెలకు ప్రత్యేకరూపములు లేవు. సంఖ్యాచిహ్నము ముందు నిలిచినచో ‘ఏ’ మొదలు ‘జె’ వరకుగల పది ఆంగ్లాక్షరములే 1 మొదలు 0 వరకుగల అంకెలగును. కావున ఒకే మందు 5, 50 మిల్లీగ్రాముల మోతాదులలో దొరకునపుడు, ఆ చిహ్నము వెనుక వ్రేలికి ‘ఈ’ యొక్కటే తగిలినదా, దాని ప్రక్కన ‘జె’ కూడ తగిలినదా యన్నదే అంధునికి ఆ రెంటి భేదమును తెలుపును. ఫ్రాన్సులోని షాపూతియే ద్రాక్షాసవ సంస్థయైతే, ఇట్టి నిర్బంధమేమియు లేకయే, 1996 నుండి తన సీసాల చీటీలపై బ్రెయిలీని ముద్రించుచున్నది.