శూన్య సూచిక దోషం

చిరునామా రాయవలసిన చోటు ఖాళీగా ఉన్న ఉత్తరాన్ని తపాలా జవాను ఎక్కడికని తీసుకొనిపోగలడు? కంప్యూటరు ప్రోగ్రాములలోనూ ఇటువంటి చిక్కు ఉన్నది. మెమరీలో ఒక వస్తువు ఎక్కడ ఉన్నదో తెలిపే రాశిని 'సూచిక' అందాము. ఏ వస్తువునూ చూపని సూచిక శూన్య సూచిక. దానిని నమ్మి పని చేయబోతే ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగిపోతుంది. 1965లో ఆల్గాల్-డబ్ల్యు భాషలో ఈ ఏర్పాటును ప్రవేశపెట్టిన టోనీ హోర్, 2009లో దానిని తన వంద కోట్ల డాలర్ల పొరపాటుగా చెప్పుకొన్నాడు.

ఆండ్రాయిడ్ యాప్‌లలో ఈ దోషం తరచు కనిపించటానికి ప్రత్యేక కారణం కలదు. యాప్ తెర పుట్టుక, అంతము మన చేతిలో ఉండవు. ఫోను వ్యవస్థ చేతిలో ఉంటాయి. ఆన్‌క్రియేట్‌తో తెర పుడుతుంది. ఆన్‌స్టార్ట్‌తో కంటికి కనబడుతుంది. ఆన్‌రెజ్యూమ్‌తో వేలి స్పర్శకు బదులిస్తుంది. తరువాత ఆన్‌పాజ్, ఆన్‌స్టాప్, ఆన్‌డెస్ట్రాయ్ అనే మూడు మెట్లు దిగి నశిస్తుంది. ఫోనును అడ్డంగా తిప్పినంత మాత్రాన, సాధారణంగా, పాత తెర నశించి కొత్తది పుడుతుంది. కనుక ఒక సూచిక ఎప్పుడు నిండినది, ఎప్పుడు ఖాళీ అయినది అన్నదే ముఖ్యమైన ప్రశ్న.

ఒక అనుభవం చెబుతాను. మా విద్యార్థులు మార్కులు పంపే యాప్ ఒకటి తయారుచేశారు. ప్రయోగశాలలో చక్కగా పనిచేసినది. అధ్యాపకుల గదిలో మాత్రం అప్పుడప్పుడు ఆగిపోయేది. దోష నివేదికలో 'నల్‌పాయింటర్ ఎక్సెప్షన్' అన్న మాట క్రింద, మేము రాసిన ఫైలు పేరు, పంక్తి సంఖ్య ఉన్నవి. ఆ పంక్తి, సర్వరు జవాబు రాగానే తెరపై 'మార్కులు చేరినవి' అని రాసేది. దాని తరువాతి పంక్తి ఆ సంగతిని ఫోనులో నమోదు చేసేది.

ప్రతి మెట్టులోనూ ఒక లాగ్ సందేశం రాయించి చూశాము. ప్రయోగశాలలో జవాబు రెప్పపాటులో వచ్చేది. ఆ గదిలో నెట్‌వర్కు మందకొడిగా ఉండటం వల్ల, అధ్యాపకుడు ఈలోగా మరొక పుట తెరిచేవాడు. అప్పుడు ఆన్‌డెస్ట్రాయ్‌వ్యూ నడిచి, మొదటి పుట దృశ్యానికి ఉన్న సూచిక శూన్యమయ్యేది. ఆ తరువాత వచ్చిన జవాబు, లేని దృశ్యంపై రాయబోయేది!

ఒక విద్యార్థి 'సూచిక శూన్యమైతే వెనుదిరుగు' అని ఒక షరతు చేర్చాడు. యాప్ ఆగిపోవటం మానినది, అందరూ సంతోషించారు. కాని నమోదు చేసే పంక్తి అప్పుడు కూడా నడవలేదు. మార్కులు చేరినా, చేరలేదనే ఫోను చూపినది. పైకి తెలిసే దోషం లోపల దాగిన దోషమైనది. రెండవదే ఎక్కువ ప్రమాదకరమని వేరే చెప్పనక్కరలేదు.

సరియైన చికిత్స రెండు పనులను విడదీయటం. సమాచారాన్ని పంపి నమోదు చేసే పనిని వ్యూమోడల్‌కు అప్పగించాము. దృశ్యం నశించినా అది నిలిచి ఉంటుంది. తెరపై రాసే పనిని దృశ్యపు జీవితకాలానికి ముడివేశాము. దృశ్యం పోతే ఆ పనీ రద్దవుతుంది. అధ్యాపకుడు తిరిగి ఆ పుటకు వచ్చినప్పుడు, కొత్త దృశ్యం వ్యూమోడల్‌ను అడిగి అసలు స్థితిని చూపుతుంది.

కోట్లిన్ భాషలో శూన్యం కాగల రాశిని ముందే ప్రశ్నార్థకంతో ప్రకటించవలెను. కనుక చాలా తప్పులు ప్రోగ్రాము నడవక మునుపే బయటపడతాయి. అయినా రెండు ఆశ్చర్యార్థకాలతో 'ఇది శూన్యం కాదు' అని మొండిగా హామీ ఇస్తే, పాత దోషమే మళ్ళీ వస్తుంది.

విద్యార్థులు గుర్తుంచుకోవలసినది ఇది: దోషం కనబడిన పంక్తి వేరు, దోషం పుట్టిన చోటు వేరు. జ్వరం తగ్గించినంత మాత్రాన రోగం పోదు కదా!