మోకాటిలో కుట్టువేయు పనిముట్లు

గత సంవత్సరము చెడుగుడు పందెములలో మన పాఠశాల విద్యార్థి యొకడు కూతకు పోయి, వెనుకకు మరలునప్పుడు కాలు మెలిపడి నేలగూలెను. కొన్ని దినములకు వాపు తగ్గినది గాని, మోకాలు పూర్తిగ చాపుటకు రాదాయెను. లోపల నేదియో యడ్డుపడినట్లు బిగిసిపోవుచుండెను. కీలులోని మెత్తని బిళ్ల చినిగినదనియు, దానిని కుట్టవలెననియు వైద్యులు చెప్పిరి. ఆ బాలుడు మమ్ము చూడవచ్చి, "అయ్యగారూ, మోకాలు కోసి తెరువరట. మరి లోపలికి సూది యెట్లు పోవును? ముడి యెట్లు వేయుదురు?" అని యడిగెను. వెంట వచ్చిన తల్లి ప్రశ్న వేరు. "చినిగిన ముక్క తీసివేసిన నెల, నెలన్నరలో లేచి తిరుగునట. కుట్టిన నాలుగైదు నెలలు ఆటలు మానవలెనట. కూలి చేసికొను మాకు కుట్టెందుకు, అయ్యగారూ?" అని యామె యడిగినది. ఈ రెండు ప్రశ్నలకును తెలిసినంతవరకు సమాధానము వ్రాయుచున్నాము.

మోకాటియందు తొడయెముకకును క్రిందియెముకకును నడుమ నెలవంకను బోలిన రెండు మెత్తని బిళ్లలు గలవు. వీనిని వైద్యులు మెనిస్కస్ అందురు. గ్రీకు భాషలో నా మాటకు నెలవంక యనియే యర్థము. తొడయెముక కొన గుండ్రము. క్రిందియెముక పైభాగము ఇంచుమించు చదును. గుండ్రని కుండ చదునైన నేలపై నిలుచుటకు మనము కుదురు పెట్టుదుము గదా! ఈ బిళ్లలు అట్టి కుదురులే. ఇవి శరీరభారమును ఒక్కచోట పడనీయక చుట్టును పరచును.

పూర్వము ఈ సంగతి చాలమందికి తెలియదు. ఇంగ్లండు దేశపు శస్త్రవైద్యుడు బ్లాండ్ సట్టన్ 1897లో ఈ బిళ్ల పనికిమాలిన కండరశేషమని వ్రాసెను. చినిగినచో దానిని మొత్తముగ తీసివేయుటయే బహుకాలము ఆచారమై యుండెను. అయినను అంతకుముందే, 1883లో, ఎడింబరో నగరమున థామస్ ఆనండేల్ అను వైద్యుడు ఒక గనిపనివాని మోకాలు తెరచి, స్థానము తప్పిన బిళ్లను తీసివేయక క్యాట్‌గట్ దారముతో కుట్టి నిలిపెను. పశువుల ప్రేగునుండి తీసిన దారమునకు క్యాట్‌గట్ అని పేరు. 1948లో ఫెయిర్‌బ్యాంక్ అను వైద్యుడు, బిళ్ల తీసివేసిన మోకాళ్ల ఎక్స్‌రే చిత్రములను పరిశీలించి, ఎముకల నడుమ సందు తగ్గుటయు, ఎముక చదునగుటయు కనుగొనెను. కుదురు తీసిన కుండవలె మోకాటి భారమంతయు ఒక్కచోట పడును. కొన్నేండ్లకు కీలు అరుగును. తల్లి ప్రశ్నకు మేము చెప్పిన జవాబిదియే. తీసివేసిన నేడు సుఖము, కుట్టిన రేపటికి మేలు.

అయితే ప్రతి చినుగును కుట్టుటకు వీలులేదు. ఈ బిళ్లకు రక్తనాళములు వెలుపలి యంచుననే గలవు. లోపలి భాగమునకు రక్తము చేరదు. ఆర్నోజ్కీ, వారెన్ అను వారు 1982లో ఈ విషయమును స్పష్టముగ చూపిరి. కుట్టు గాయమును మాన్పదు. మాన్పునది రక్తము. అది తన పని ముగించువరకు రెండంచులను కదలక పట్టియుంచుటయే కుట్టు చేయు సాయము. కావున చినుగు అంచుకు దగ్గరగ నున్నప్పుడే కుట్టుటకు ఎక్కువ ఆశ గలదు. మన విద్యార్థి చినుగు అట్టిదే.

ఇక పనిముట్ల మాట. ఏ చోటికి ఏ సూది యను విచారము మన దేశమున క్రొత్తది కాదు. మాంసము తక్కువగ నున్న చోట్లకును కీళ్లకును రెండంగుళముల గుండ్రని సూదిని, మాంసము గల చోట్లకు మూడంగుళముల ముక్కోణపు సూదిని, ఉదరము మొదలగు చోట్లకు వింటివలె వంగిన సూదిని సుశ్రుతసంహిత విధించినది.

మోకాలు తెరువక లోపల చూచుటకు ఆర్థ్రోస్కోపు అను సన్నని గొట్టము గలదు. దాని లావు సుమారు 4 మిల్లీమీటర్లు. టోక్యో నగరమున కెంజీ తకాగీ 1918లో మృతదేహపు మోకాటిలోనికి ఇట్టి గొట్టముతో తొలుత చూచెను. ఆయన శిష్యుడు మసాకీ వతనబే ఆ విద్యను వృద్ధిచేసెను. 1969లో అదే నగరమున హిరోషి ఇకేయుచీ ఈ గొట్టముతో చూచుచు బిళ్లను కుట్టెను. నేడు రెండు చిన్న రంధ్రములు చేసి, ఉప్పునీటితో కీలును నింపి, ఒక రంధ్రమున గొట్టమును, రెండవదానిలో పనిముట్టును పంపుదురు.

మొదట పంపునది సూది కాదు, చిన్న ఆకురాయి. దానితో చినుగు అంచులను మెల్లగ గీరుదురు. గీరినచోట రక్తము ఊరును. పిమ్మట కుట్టుటకు మూడు మార్గములు గలవు.

మొదటిది లోపలినుండి వెలుపలికి కుట్టుట. ఒకే దారము రెండు కొనలకు రెండు పొడవైన, వంగెడు సూదులుండును. వంపు గల సన్నని గొట్టముద్వారా వానిని ఒకదాని తరువాత నొకటి చినుగు గుండ నెట్టి, మోకాటి ప్రక్కన చేసిన చిన్న గాటునుండి బయటికి లాగి, అచటనే ముడివేయుదురు. వెనుక ముఖ్యమైన నరములును రక్తనాళములును గలవు. సూది మొన వానికి తగులకుండ గరిటెవంటి పనిముట్టును అడ్డము పెట్టుదురు. క్రిములు లేకుండ శుద్ధిచేసిన మామూలు చెంచానే వాడు వైద్యులును గలరు!

రెండవది వెలుపలినుండి లోపలికి కుట్టుట. ఇంజెక్షను సూదివంటి బోలు సూదిని బయటనుండి గ్రుచ్చి, దాని రంధ్రముగుండ దారమును పంపుదురు. బిళ్ల ముందుభాగపు చినుగులకు ఇది అనుకూలము.

మూడవది సర్వము లోపలనే ముగించుట. ఒక బోలు సూదిలో రెండు చిన్న బిరడాలును, వానిని కలుపు దారమును, ముందే వేసిన జారుముడియు నుండును. సూది బిళ్లగుండ దూరి మొదటి బిరడాను ఆవల విడుచును. కొంచె మెడముగ మరల దూరి రెండవదానిని విడుచును. దారము లాగినచో ముడి జారి బిగియును. ముడిని నెట్టు సన్నని కడ్డీయు, మిగిలిన దారమును కత్తిరించు పనిముట్టును తుదకు వచ్చును. బాలుడడిగిన ముడి యిట్లు పడును.

కుట్టు దిక్కు కూడ ముఖ్యము. బిళ్లలోని నారలు ఎక్కువగ నెలవంక వంపువెంట సాగియుండును. గడ్డిమోపును అడ్డముగ త్రాటితో చుట్టినచో నిలుచును. పరకల వెంట త్రాడు పెట్టినచో జారిపోవును. అట్లే నారలను అడ్డముగ చుట్టు నిలువుకుట్టు గట్టిది. నారలవెంట వేసిన కుట్టు వాని నడుమ కోసికొని రావచ్చును.

ఒకప్పుడు కుట్టుకు బదులు అంబువంటి చిన్న మేకులు వచ్చినవి. వానిని దిగగొట్టుట సులభము. కాని కొందరి మోకాళ్లలో వాని తలలు ఎముకపైనుండు నున్నని పొరను గీరినవి. అందుచేత దారపుకుట్టునకే మరల ఆదరము గలిగెను. వైద్యునికి సులభమైనదెల్ల కీలునకు మేలుకాదు.

మన విద్యార్థికి కుట్లు వేసి మూడు నెలలైనది. తల్లి కూలి మానుకొని వానిని ఆసుపత్రికి తీసికొనిపోవుచున్నది. కుట్టినవన్నియు అతుకునని చెప్పలేము. కొన్ని విఫలమై మరల శస్త్రచికిత్స కావలసి వచ్చును. అందుచేతనే వైద్యులు పరుగును, గొంతుక కూర్చుండుటయు ఇంకను వద్దనిరి. ఈ యేడు పందెములలో వాడు గీతవెలుపల కుర్చీపై కూర్చుండి లెక్క వ్రాసెను. జట్టువా రొకసారి రమ్మని పిలిచినను లేవలేదు. అది చూచి మేము సంతసించితిమి.

బాలురారా, ఆటలో తోటివాని మోకాలు బిగిసినచో బలవంతముగ లాగి చాపకుడు. కదలనీయక పెద్దలను పిలువుడు. లోపల చినిగినది కుట్టుటకు వీలుగ మిగులుట అప్పుడు మీ చేతులలో నుండవచ్చును.