కవలల తల్లికి అల్లిక భారం కారాదు

మూడేళ్ల కవలలున్న ఒక గృహిణి ఇటీవల నా వద్దకు వచ్చారు. రాత్రివేళ చేతివేళ్లకు తిమ్మిర్లు, మెడనొప్పి, నిద్రలేమి. విచారించగా, పిల్లలు పడుకున్నాక అర్ధరాత్రి వరకు ఇద్దరికీ స్వెట్టర్లు అల్లుతున్నారనీ, అవి పూర్తికాలేదని ఆదివారం పార్కుకు వెళ్లడం కూడా మానేశారనీ తెలిసింది. "ఈ ఒక్క వరుస అయ్యాక లేస్తాను" అనుకుంటూ దాహాన్నీ, మూత్రాన్నీ, నిద్రనూ ఆపుకునేవారట.

ఆపుకోరాని సహజ వేగాలు 13 అని అష్టాంగహృదయం చెబుతుంది. ఈ మూడూ వాటిలోనివే. వేగనిరోధం వలన వాతం ప్రకోపిస్తుంది. గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చోవడం నొప్పిని మరింత పెంచుతుంది.

అల్లిక మానమని నేను చెప్పను. పగలు పిల్లలు నిద్రించే వేళ అరగంట చాలు. వరుస మధ్యలోనైనా లేవండి. పడుకునే ముందు మణికట్టుకూ మెడకూ గోరువెచ్చని నువ్వులనూనెతో మృదువుగా మర్దన చేసి, కాపడం పెట్టుకోండి. సూదులు, ఊలు పిల్లలకు అందని ఎత్తులో ఉంచండి. షికారుకు వెళ్లే పూట అల్లిక సంచి ఇంట్లోనే ఉండాలి. తిమ్మిరి తగ్గకపోయినా, చేతిలోని వస్తువులు జారిపోతున్నా వైద్యపరీక్ష తప్పనిసరి.

చివరగా ఆమెతో ఇలా అన్నాను: "అమ్మా, స్వెట్టర్ల కొలత కాస్త పెద్దదిగా పెట్టుకోండి. వచ్చే చలికాలానికి పూర్తయినా సరిపోతాయి."